పుర్జా పహచాన్

పుర్జా అంటే ఏమిటో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు. కుట్టుమిషన్ పుర్జా, మిక్సీ పుర్జా, సైకిల్ పుర్జా. ఉర్దూలో కాగితం ముక్కని కూడా పుర్జా అనే అంటారు, చిట్టీ లాంటిదన్నమాట. మా చిన్నోడు ఎనిమిది డాలర్లు పెట్టి కొనుక్కొచ్చిన డబ్బాలో పుర్జాలు బోలెడు ఉన్నాయి, పుర్జా మాత్రం లేదు. ఏది ఎక్కడ అతికించాలో చెప్పే కాగితం ఎప్పుడో, ఎవరింట్లోనో పోయింది.

మేముండేది పిట్స్‌బర్గ్ పక్కన. ఇక్కడ ఫైర్ స్టేషన్ల హాళ్లలో అప్పుడప్పుడూ ట్రైన్ షోలు జరుగుతుంటాయి. ముసలాళ్లు తమ పాత రైలు బొమ్మలు బల్లల మీద పరిచి అమ్ముతారు. బొమ్మలంటే వాళ్లకి కోపం, మోడల్ అనాలి. మావాడు తెచ్చింది నలభై అడుగుల బాక్స్‌కార్ కిట్. అంటే మన గూడ్సు బండిలో తలుపులున్న మూత వ్యాగన్ లాంటిది. హెచ్ ఓ స్కేలు, అసలు దాంట్లో 87వ వంతు. అసలు బండి ఒక అడుగుకి ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. నలభై అడుగులది 140 మిల్లీమీటర్లకి దిగిపోతుంది, జానెడు కూడా ఉండదు. గోడలు, కప్పు, అడుగు, చక్రాలు సులభంగానే తెలిసిపోయాయి. మిగిలిన చిన్న పుర్జాలతోనే వచ్చింది చిక్కు. ప్లాస్టిక్ చట్రానికి కాయల్లా అంటుకుని ఉంటాయవి. కొన్ని ఎప్పుడో ఊడిపోయి డబ్బా అడుగున రాలి ఉన్నాయి. ఒకటి పీపాలా, ఒకటి చక్రంలా, ఒకటి దేనిలాగానూ లేకుండా.

అప్పటికి అబ్బా వచ్చి మూడు వారాలు. అమ్మీ ఇంతికాల్ తర్వాత మొదటిసారి మా దగ్గరికి వచ్చారు. ఆరు నెలలు ఉండాలని రప్పించాను. ఇక్కడ ఆయనకి తోచే పని లేదు. కిటికీ దగ్గర కుర్చీ, చేతిలో తస్బీహ్, వీధిలో మనిషి కనిపించడు. మనవడితో మాట్లాడాలన్నా వాడి ఉర్దూ అరకొర, తెలుగు అసలే లేదు. ఈయన ఇంగ్లీషు వర్క్‌షాపు ఇంగ్లీషు. సలాం, ఖానా ఖాయా క్యా, గుడ్‌నైట్. అంతటితో ఇద్దరి మాటలు అయిపోయేవి. ఆ వారంలోనే నన్ను వంటింట్లోకి పిలిచి, "టికెట్ ముందుకి జరపడానికి ఎంతవుతుంది బేటా?" అని మెల్లగా అడిగారు.

అబ్బా 1981లో గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపులో ఖలాసీగా చేరారు. విజయవాడ పక్కన రాయనపాడు స్టేషన్ ఉంది కదా, అక్కడ. ఖలాసీ మాట ఓడల నుంచి రైలుకి ఎక్కిందని చెబుతుంటారు, అబ్బాకి ఆ సంగతి మహా ఇష్టం. ఫిట్టర్ అయ్యారు, 2016లో రిటైర్ అయ్యారు. ముప్ఫై అయిదేళ్లు. అందులో మాకు తెలిసింది నీలం యూనిఫాం, దాని కిరసనాయిలు వాసన, గోళ్ల సందుల్లోంచి జుమా రోజు కూడా పోని నలుపు. మా రిష్తాల మాటల్లో "లడకీ కే అబ్బా రేల్వే మే హైఁ" అనేవాళ్లు. రేల్వే మే ఏం చేస్తారు అని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. ఆడపిల్లలం, షెడ్డులోకి ఎవరు రానిస్తారు? ఆయనా చెప్పేవారు కాదు. రిటైర్ అయ్యాక ఒకసారి మాత్రం అన్నారు: "నాకు బాగా వచ్చిన పని వాక్యూమ్ బ్రేకు. ఆ బండ్లే పోయాయి. ఇక ఆ ఇల్మ్ ఎవరికి కావాలి?"

ఆదివారం పొద్దున మావాడు డైనింగ్ టేబుల్ మీద తెల్లకాగితం పరిచి పుర్జాలన్నీ పేర్చి, ఒక్కోదానికి పేరు పెడుతున్నాడు. పీపా లాంటిది ఫ్యూయల్ ట్యాంక్. చిన్న చక్రం స్టీరింగ్ వీల్. అబ్బా చాయ్ కప్పుతో అటుగా వెళ్తూ ఆగారు. "స్టీరింగా? రైలుకా?" అని నవ్వారు. మా ఇంటికి వచ్చాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. కప్పు పక్కన పెట్టి కుర్చీ లాక్కున్నారు.

స్టీరింగ్ అనుకున్నది హ్యాండ్ బ్రేకు చక్రం. యార్డులో ఒంటరిగా నిలిపిన బండి దొర్లిపోకుండా మనిషి చేత్తో తిప్పి బిగించేది. మన వ్యాగన్లకి ఆ చక్రం పక్కవైపు, కింద ఉంటుందట. అమెరికా బండికి ఒక చివర గోడ మీద, పైకి కట్టి ఉంటుంది. ఆ చివరని ఇక్కడివాళ్లు బి ఎండ్ అంటారు. పక్కనే చిన్న పలక, మనిషి నిలబడడానికి. కప్పు పొడుగునా చెక్కల దారి ఒకటి ఉంది, అది ఎందుకని అబ్బాకి అర్థం కాలేదు. నేను చదివి చెప్పాను: పాతరోజుల్లో బ్రేకుమన్‌లు నడుస్తున్న బండి కప్పుల మీద ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి పోతూ ఈ చక్రాలు తిప్పేవాళ్లు. వానలో, మంచులో. ఎందరో పడిపోయారు. 1893లో చట్టం వచ్చాకే గాలి బ్రేకులు, తమంతట తామే తగులుకునే కప్లర్లు, సరైన పట్టుకమ్మీలు తప్పనిసరి అయ్యాయి. అయినా కప్పు మీద ఆ దారి మాత్రం 1966 దాకా కొత్త బండ్ల మీద కూడా వేస్తూనే ఉన్నారు. అబ్బా వేలితో ఆ దారిని ఒకసారి రాసి, "యా అల్లాహ్, ఇంత ఇరుకా!" అన్నారు.

తర్వాత పీపా. దాని సంగతి చెప్పడానికి అబ్బా కాస్త సమయం తీసుకున్నారు, ఎందుకంటే పీపాలు రెండున్నాయి. ఒకటి పొట్టిది, ఒక వైపు మూత. ఇంకోటి పొడుగుది, నడుముకి బెల్టు కట్టినట్టు మధ్యలో అంచు. వాటితో పాటు ఆ దేనిలాగానూ లేని ముద్ద. మావాడు ఫోటోలు చూసి ఆకారం పోల్చాలనుకున్నాడు. అబ్బా వద్దన్నారు. "ఆకారం నక్కో దేఖ్. హవా కాఁ సే ఆరీ, కాఁ కూ జారీ, పహలే వో దేఖ్." గాలి ఎక్కడినుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది, అదే చూడాలి. వర్క్‌షాపులో ఆయనకి పని నేర్పిన ఉస్తాద్ ఇలాగే అనేవారట. ఊడిపోయి వచ్చిన పుర్జా తుప్పుపట్టి, విరిగి, మడ్డి కమ్మి ఉంటుంది, ఆకారం ఏం చెప్తుంది? దానికి ఎన్ని చిల్లులు, ఒక్కో చిల్లు ఎంత పెద్దది, ఏ వైపు తిరిగి ఉంది అన్నదే సాక్ష్యం.

ఆయనకి కేటరాక్ట్ ఆపరేషన్ అయింది, చేతులు వణుకుతాయి. అందుకని పట్టకారు నా చేతికి, భూతద్దం వాడి చేతికి. పొట్టి పీపాకి ఒక పైపు చిల్లు, అవతల పిస్టన్ కడ్డీ. అది బ్రేకు సిలిండరు. పొడుగుదానికి కడ్డీ లేదు, రెండు చిల్లులు. అది గాలి టాంకీ. రెండు చిల్లులు ఎందుకు? మన వ్యాగన్‌కి అంత పెద్ద టాంకీ ఒకటే గది. అబ్బా ఆ బెల్టుని చూపించి, "లోపల గోడ ఉంది. ఇవి రెండు గదులు. ఒకటి రోజువారీ బ్రేకుకి, ఒకటి దాచుకోవడానికి" అన్నారు. తర్వాత చూస్తే సరిగ్గా అంతే: ఒక గది మామూలు బ్రేకుకి, రెండోది ఎమర్జెన్సీకి. ఇక ఆ ముద్ద వాల్వు. మన దగ్గర డిస్ట్రిబ్యూటర్ వాల్వు చేసే పనే ఇదీ చేస్తుంది. ఇక్కడ పేరు ఎ బి వాల్వు.

అప్పుడు నాకూ వాడికీ కలిపి చెప్పారు, సగం ఉర్దూ, సగం తెలుగు, పేర్లు మాత్రం ఇంగ్లీషు. రైలు పొడుగునా ఒక పైపు ఉంటుంది. దాన్నిండా గాలి నొక్కి ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది. మన దగ్గర అయిదు కిలోల ప్రెషరు. డ్రైవరు పైపులో గాలి కాస్త వదిలితే ఈ వాల్వు ఆ తగ్గుదలని పసిగట్టి, టాంకీలో దాచిన గాలిని సిలిండర్లోకి తోస్తుంది. పిస్టన్ జరుగుతుంది, లీవర్లు లాగుతాయి, బ్లాకులు చక్రాల్ని పట్టుకుంటాయి. బండి తెగిపోయి పైపు ఊడినా అంతే, గాలి పోతుంది, తనంతట తానే ఆగుతుంది. "గాలి పెడితే బ్రేకు పడుతుందని అందరూ అనుకుంటారు. కాదు, గాలి తీస్తే పడుతుంది." ఈ ఆలోచన జార్జ్ వెస్టింగ్‌హౌస్‌ది, 1872 నాటిది. ఆయన బ్రేకుల కంపెనీ ఉన్న విల్మర్‌డింగ్ ఊరు మాకు కారులో పోయేంత దగ్గర. ఆ సంగతి చెబితే అబ్బా నమ్మలేదు. వర్క్‌షాపులో కొన్ని కాస్టింగుల మీద ఆ పేరు పోతపోసి ఉండేదట. పేరు అనుకున్నారు కానీ మనిషి అనుకోలేదు.

చిల్లులు లెక్కపెట్టే పద్ధతి ఇంకో సంగతి కూడా చెప్పింది. సిలిండరు, టాంకీ, వాల్వు మూడూ వేరువేరుగా ఉంటే చాలావరకు అది 1933 ప్రాంతంలో వచ్చిన ఎ బి రకం. మూడూ ఒకే ముద్దగా అతుక్కుని ఉంటే చాలావరకు అంతకుముందటి కె రకం. ఆ పాతదాన్ని 1953లో ఒక రైల్వే నుంచి ఇంకో రైల్వేకి పోనివ్వకుండా ఆపేశారు. మా డబ్బా గోడ మీద బండి కట్టిన నెలా సంవత్సరమూ 4-47 అని అచ్చయి ఉంది. లెక్క కుదిరింది. "అయితే పీ ఓ హెచ్ తేదీ ఎక్కడ?" అని అబ్బా వెతికారు. మన వ్యాగన్లకి చివరిసారి పూర్తి మరమ్మతు ఎప్పుడైందో, ఏ షాపులో అయిందో రాసి ఉంటుంది. ఆయన చేతి మీదుగా వెళ్లిన ప్రతి వ్యాగన్ మీదా ఆ రాత ఉండేది, ఆయన పేరు కాదు, షాపు పేరు.

అన్నీ ఇలా సాఫీగా సాగలేదు. ముందు మాటలకే గొడవ. చక్రాల జతలున్న చట్రాన్ని వాడు ట్రక్ అంటాడు, ఈయన బోగీ అంటారు. "ట్రక్ అంటే లారీ కదరా!" వాడు నా వైపు చూస్తాడు. వీళ్ల ఫ్రెయిట్ కార్ మన వ్యాగన్, వీళ్ల టైలు మన స్లీపర్లు, వీళ్ల కబూస్ మన గార్డు బ్రేక్‌వాన్. చివరికి ఒప్పందం కుదిరింది. అబ్బా ఉన్నప్పుడు బోగీ, ట్రైన్ షోలో ట్రక్. చిన్న చిన్న పలకలు నాలుగుంటే వాడు కిటికీలనుకున్నాడు. అవి కాగితాలు కొట్టే పలకలు. సరుకు ఎటు పోవాలో, బండికి ఏం జబ్బు చేసిందో రాసిన చీటీ అక్కడ తగిలిస్తారు. చెడిపోయిన బండిని ఇక్కడ బ్యాడ్ ఆర్డర్ అంటారని చదివితే అబ్బాకి నచ్చలేదు. "మేము సిక్ అంటాం. సిక్ వ్యాగన్, సిక్ లైన్. జబ్బు చేస్తే నయం చేస్తాం. బ్యాడ్ ఏంటి బ్యాడ్?"

ఒక పుర్జా దగ్గర ఉస్తాదే షాగిర్ద్ అయ్యారు. కప్లర్ చూడగానే ఆనందపడ్డారు, మన బోగీ వ్యాగన్లకి ఉండే పిడికిలి కప్లర్ లాంటిదే. కానీ దాని కింద వంకీ తిరిగిన సన్నని తీగ వేలాడుతోంది. హోస్ పైపు అన్నారు. మరి కప్లర్‌కే ఎందుకు అతికించారు? ఆ ప్రశ్న ఆయనే వేసుకుని, ఎటు తిప్పి చూసినా గాలి దారి దొరకక భూతద్దం కింద పెట్టేశారు. మావాడు ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి కింద పెట్టాడు. తీగ పక్కకి జరిగింది, పిడికిలి తెరుచుకుంది. పట్టాల మధ్య అయస్కాంతం పెడితే చెయ్యి తగలకుండా బండ్లు విడిపోవడానికి అది. అసలు రైలుకి అలాంటిదేమీ ఉండదు, చూడ్డానికి హోస్ పైపులా ఉంటుందంతే. "మాషాఅల్లాహ్" అన్నారు అబ్బా, అయస్కాంతం తీసుకుని నాలుగుసార్లు తనే ఆడించి చూశారు.

అడుగున పెట్టే ఇనుప పట్టీ కూడా అంతే. అసలు వ్యాగన్‌లో దాని పని లేదు. మోడల్ మరీ తేలికైతే పట్టాలు తప్పుతుందని బరువు వేస్తారు. ఇక్కడి మోడల్ రైళ్ల వాళ్ల సంఘం ఒకటి 1935 నుంచీ ఉంది. హెచ్ ఓ బండికి ఒక ఔన్సు, ఆపైన పొడుగులో అంగుళానికి అర ఔన్సు చొప్పున ఉండాలని వాళ్ల లెక్క. అయిదున్నర అంగుళాలకి మూడు ముప్పావు ఔన్సులు, అంటే 106 గ్రాములు. నేను ఏలకులూ లవంగాలూ తూచే కాటా మీద పెడితే 88 వచ్చింది. అబ్బా షేర్వానీ జేబులో ప్రయాణంనాటి చిల్లర ఉంది. ఇత్తడి రంగు అయిదు రూపాయల బిళ్ల ఆరు గ్రాములు తూగింది. మూడు బిళ్లలు లోపల అతికించి కప్పు మూసేశాం.

చివరికి మిగిలింది ఒక్కటే. బియ్యపు గింజలో సగం కూడా లేదు. చట్రంలో అది బ్రేకు చక్రం పక్కనే ఉండేది, చివరి గోడ మీద చక్రం దగ్గరే దానికో చిల్లు ఉంది. అబ్బా ఎప్పుడూ చూడలేదన్నారు. మావాడు ఫోన్ తీశాడు, కనుక్కుంటానని. "సబ్ర్" అన్నారు అబ్బా. వాల్వు మళ్లీ తీయించారు. పెద్ద పైపు నుంచి వచ్చేది ఒకటి, టాంకీకి రెండు, సిలిండర్‌కి ఒకటి. నాలుగు. ఐదో చిల్లు ఉంది. "ఐదోది ఎక్కడికి?" బ్రేకు వదిలేటప్పుడు సిలిండర్లో గాలి బయటికి పోవాలి, ఐదోది ఆ దారి. మన దగ్గర అది అక్కడే ఆకాశంలోకి పోతుంది. వీళ్లు ఆ పోయే గాలిని ఒక సన్నని పైపులో అంత దూరం, చివరి గోడ మీదికి ఎందుకు తీసుకెళ్లారు? మగ్రిబ్ అయింది, భోజనం అయింది. దస్తర్‌ఖాన్ దగ్గర ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

తెల్లారి ఫజ్ర్ తర్వాత నేను చాయ్ పెడుతుంటే వంటింట్లోకి వచ్చారు. "పోయే గాలిని పోనివ్వకుండా పట్టడానికి" అన్నారు. దిగుడు దారిలో డ్రైవరు బ్రేకు వేసుకుంటూ వస్తాడు. టాంకీలు తరుగుతాయి. మళ్లీ నింపాలంటే పైపులోకి గాలి పంపాలి, పంపితే బ్రేకులు వదిలేస్తాయి. నిండేలోపు బండి కొండ మీంచి పరుగు తీస్తుంది. అందుకని వదిలే దారికి ఒక పిడి పెట్టి, కొంత గాలి సిలిండర్లోనే నిలిపి ఉంచుతారు. ఆ పిడి మనిషికి అందాలి. మనిషి నిలబడేది ఎక్కడ? చక్రం దగ్గర. "అందుకే అక్కడ. ఇక్కడ కొండలున్నాయి కదా బేటా?"

ఉన్నాయి. ఆ పుర్జా పేరు రిటెయినర్ వాల్వు. పాతరోజుల్లో దిగుడు మొదలయ్యేముందు బండి నిలిపి, బ్రేకుమన్‌లు డబ్బా డబ్బాకీ వెళ్లి ఆ పిడులు తిప్పేవాళ్లు, కింద మళ్లీ విప్పేవాళ్లు. తర్వాతి శనివారం అల్టూనా దగ్గర హార్స్‌షూ కర్వ్‌కి తీసుకెళ్లాం. కొండని గుర్రపు లాడంలా చుట్టి పోయే లైను, 1854లో తెరిచారు. చలి. గూడ్సు బండి ఒకటి పై నుంచి దిగుతుంటే కాలిన బ్రేకు వాసన మా దాకా వచ్చింది. మావాడు ముక్కు మూసుకున్నాడు. అబ్బా మూసుకోలేదు. నాకు ఆ వాసన ఎక్కడిదో తెలిసింది, మా ఇంట్లో దండెం మీద వేలాడే నీలం చొక్కాది.

టికెట్ మాట మళ్లీ రాలేదు. ఫిబ్రవరిలో, ముందు అనుకున్న తేదీకే వెళ్లారు.

ఇప్పుడు మావాడికి ఇండియా వ్యాగన్ కావాలి. నాలుగు చక్రాల సి ఆర్ టి, వాక్యూమ్ బ్రేకుది. ఇక్కడి షాపుల్లో అలాంటి కిట్ దొరకలేదు. అబ్బా గీస్తున్నారు. పాత క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిల్‌తో, వణుకుతున్న గీతలతో, ప్రతి పుర్జా పక్కనా తెలుగులో పేరు, కొలత అంగుళాల్లో. అస్ర్ తర్వాత మసీదు అరుగు మీద కూర్చునే మరో ఇద్దరు రిటైర్డు ఫిట్టర్లు కూడా ఇందులో చేరినట్టున్నారు, ఎందుకంటే ఒక కొలత కొట్టేసి వేరే చేతిరాతతో ఇంకోటి రాసి ఉంది. ఫోటోలు వాట్సాప్‌లో వస్తాయి, పేర్లు నేను చదివి పెడతాను. మొన్న వాక్యూమ్ సిలిండర్ బొమ్మ వచ్చింది, పిస్టన్ చుట్టూ దొర్లే రబ్బరు రింగుతో సహా. మావాడు వీడియో కాల్ చేసి, తనకొచ్చిన ఉర్దూలో అడిగాడు, "నానా, హవా కాఁ సే ఆరీ?"

"ఆతీచ్ నై బేటా," అన్నారు అబ్బా. "ఇస్ మే హవా నికాల్‌తే." అని పెన్సిల్ వెతుక్కోవడానికి లేచారు.

నిన్నటికి నాలుగు కాగితాలు వచ్చాయి. బఫర్లూ స్క్రూ కప్లింగూ ఇంకా గీయాలి.